ఇరవై ఏడా, ఇరవై తొమ్మిదా

డెబ్బై కాదు మనవరాలా, డెబ్బై ఒకటి. సరిగ్గా రాయి. మా అత్త మహాలాకి ఆ వేసవిలోనే డెబ్బై ఒకటి నిండాయి, గంట కూడా డెబ్బై ఒక్క దెబ్బలే కొట్టాలి, ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. ఓస్బీ వాగు అనే మా ఊళ్ళో మనిషి పోతే చర్చి గంట అలాగే కొట్టేవాళ్ళు, ఏడాదికో దెబ్బ. పొలంలో ఉన్నవాడు పొలంలో, పాలు పితికేవాడు పొదుగు దగ్గర, ఎక్కడివాళ్ళు అక్కడ ఆగి లెక్కపెట్టుకునేవాళ్ళు. ఉన్నవే పన్నెండు ఇళ్ళు. ఎవరికి ఎన్నేళ్ళో అందరికీ తెలుసు. దెబ్బలు ఆగేసరికి పోయినవాళ్ళ పేరు నోట్లోకి వచ్చేసేది. నీకిదంతా తెలీదు, నువ్వు పుట్టేసరికి ఫోన్లు వచ్చేశాయి. ఇంకో సంగతి. నేను, నేను అని రాయకు. ఎస్టిల్ అని రాయి. నేను అని మొదలుపెడితే నాకు మాట గొంతు దాటి రావడం లేదు. ఎస్టిల్ అంటే వాడెవడో ముప్పై మూడేళ్ళవాడు, వాడి సంగతైతే చెప్పగలను. ఊఁ, రాసుకో.

ఆ పొద్దున ఎస్టిల్ గట్టు మీద, పాప్లర్ చెట్ల కింద, మోకాళ్ళ మీద కూర్చుని, మందులకి అమ్ముడుపోయే జిన్సెంగ్ దుంప తవ్వుతున్నాడు. ఉత్తరపు వాలు అది, ఎండ పడని చోటు. ఆకులు అప్పటికే పసుపు తిరిగాయి, మధ్యలో ఎర్రగా పళ్ళ గుత్తి. పెద్ద దుంప, పదిహేనేళ్ళదైనా అయి ఉంటుంది, కాళ్ళూ చేతులూ చాపుకుని పడుకున్న మనిషిలా ఉంది, ఒక కాలు రాయి కింద ఇరుక్కుంది. విరగకూడదు. వేళ్ళతో మట్టి తోడుతున్నాడు, గోళ్ళ కిందకి మట్టి చల్లగా దిగుతోంది, అప్పుడే కింద లోయలోంచి గంట మొదలైంది. ఆఁ, అత్త పోయింది, అనుకున్నాడు. లెక్కపెట్టలేదు. ఎందుకు పెడతాడు? నెల రోజులుగా మంచంలో ఉంది ముసలామె, చెంచాడు పాలు తప్ప దిగడం లేదు, ఊరంతా ఆ గంట కోసమే చెవి ఒగ్గి ఉంది. మొన్న సోమవారం చూడబోతే కళ్ళు తెరిచి, "అల్లుడూ, నేను పోయేలోపు ఆ గడ్డం గీసుకో, నా పెట్టె మోసేవాళ్ళలో నువ్వొక్కడివే ఎలుగుబంటిలా ఉంటావు," అంది. ఆ మాట గుర్తొచ్చి మట్టి చేత్తోనే గడ్డం తడుముకున్నాడు. గీసుకోలేదు. ఇప్పుడు గీసుకోవాలి. గంట మోగుతోంది. నల్లకోటు అటక మీద పెట్టెలో ఉంది, చిమటలు కొట్టాయో ఏమో, పెళ్ళాం వెర్లీ దులిపి ఇస్తుంది, వెర్లీ ఏడుస్తుంది, ఏడవనీ, తల్లి కదా, కానీ ముసలామెకి సుఖమైంది, నొప్పి ఆగింది, ఇక ఆ మూలుగు వినక్కర్లేదు. గంట మోగుతోంది. ఎవరింట్లోంచి వాళ్ళు గిన్నెలు పట్టుకుని వస్తారు, చిక్కుళ్ళూ పంది మాంసం, మొక్కజొన్న రొట్టె, వాళ్ళింట్లో బల్ల చాలదు, తలుపు ఊడదీసి బల్లగా వెయ్యాలి. వేలు రాయి కిందకి దూరింది, దుంప కాలు కదిలింది, మెల్లగా, మెల్లగా, వెంట్రుక లాంటి వేర్లతో సహా బయటికి వచ్చింది, విరగలేదు, హమ్మయ్య అనుకున్నాడు. అప్పుడు తెలిసింది, గంట ఆగిపోయింది.

ఆగకూడదు కదా. డెబ్బై ఒకటి కొట్టడమంటే ఒక చుట్ట వెలిగించుకుని కడదాకా కాల్చినంత సేపు పడుతుంది. తాడు లాగే బర్ల్ ముసలాడు తొందరపడే మనిషి కాదు, ఒక దెబ్బ రొద పూర్తిగా చచ్చాకే ఇంకోటి కొడతాడు. చెయ్యి మార్చుకుంటున్నాడేమో. దగ్గొచ్చిందేమో. ఎస్టిల్ దుంప చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నీలం పిట్ట ఒకటి అరిచింది. చీమ ఒకటి మణికట్టు మీదకి ఎక్కి, వెంట్రుకల్లో దారి తప్పి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఎక్కింది. దాన్ని చూస్తూ తర్వాతి దెబ్బ కోసం ఆగాడు. రాలేదు. ముప్పై ఏళ్ళుగా గంట కొడుతున్న మనిషి, మధ్యలో ఆపడు. ఆగిందంటే అయిపోయిందనే. అయిపోయిందంటే అది అత్త కాదు. ఎన్ని కొట్టాడు? ప్రభువా, ఎన్ని? తాగేసిన నీళ్ళని ఎన్ని గుక్కలు తాగానా అని తర్వాత లెక్కపెట్టబోయినట్టు, చెవిలోంచి పోయిన గంటని వెనక్కి లాగబోయాడు. గడ్డం తడుముకున్నప్పుడు ఓ ఆరో ఏడో. కోటు అనుకున్నప్పుడు పదిహేను దాటాయి. తలుపు ఊడదియ్యాలి అనుకునేసరికి ఇరవై మూడు, ఇరవై నాలుగు. దుంప రావడానికి ముందు రెండు విన్నాడు, కాదు, మూడు. వేళ్ళు ముడిచాడు, తెరిచాడు, మళ్ళీ ముడిచాడు. ఇరవై ఆరుకి తక్కువ కాదు. ముప్పైకి ఎక్కువ కాదు. ఆ వాగు మొత్తంలో ఆ మధ్య వయసువాళ్ళు ఇద్దరే ఇద్దరు. లోంజోకి ఇరవై ఏడు. వెర్లీకి ఇరవై తొమ్మిది. మహాలా కడుపున ఆఖర్న పుట్టిన ఇద్దరూ. ఒకరు తన బావమరిది, ఒకరు తన పెళ్ళాం.

వెర్లీ. ఏడో నెల. పొద్దున పొయ్యి దగ్గర నిలబడి ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుంది, ఇంకో చేత్తో రొట్టె తిప్పుతోంది, "ఆ బురద బూట్లతో లోపలికొచ్చావంటే చూడు, నిన్ననే కడిగాను," అంది. అతను బూట్లతోనే రెండడుగులు లోపలికి వేసి రొట్టె తీసుకుని వచ్చేశాడు. ఆఖరి మాట అదేనా? బురద బూట్లా? మొదటి బిడ్డ తొమ్మిది రోజులు బతికింది. రెండోవాడు ఐదు వారాలు. ఇద్దరికీ గంట లేదు. ఏడాది నిండనివాళ్ళకి దెబ్బ ఎక్కడిది? రెండోవాడు పోయిన రోజు బర్ల్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం ముందుకొచ్చి, "ఏం కొట్టమంటావురా ఎస్టిల్, వాడికి లెక్క లేదు కదా," అన్నాడు. వెర్లీ మంచంలోంచి, "ఒక్కటి కొట్టు బాబాయ్. ఒక్కటే ఒక్కటి," అంది. బర్ల్ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు, కొట్టలేదు, ఆచారం ఆచారమే. కొండ మీద ఇద్దరికీ రెండు వాగు రాళ్ళు పాతారు, పేర్లు లేవు. ఆ రెండో కాన్పుకే మంత్రసాని ఎస్టిల్‌ని పెరట్లోకి పిలిచి, "ఇంకోసారైతే నా చేతిలో ఉండదు నాయనా, నీ ఇష్టం," అంది. నీ ఇష్టం. ఇష్టమే అయింది. ఏడు నెలలైంది. పొద్దున నడుం మీద చెయ్యి పెట్టుకుంది. నొప్పి మొదలైందేమో అప్పటికే, చెప్పలేదేమో, బూట్ల గురించి చెప్పిందే గాని దాని గురించి చెప్పలేదేమో, ఒక్కతే నేల మీద పడి ఉందేమో, కడిగిన నేల మీద. ఇరవై తొమ్మిది. ఇరవై తొమ్మిదే కొట్టి ఉంటాడు బర్ల్. లోపలున్నదానికి మళ్ళీ లెక్క ఉండదు. ఇద్దరు పోయినా గంట ఒక్కరికే.

వెంటనే పరిగెత్తాడు అని చెప్పాలని ఉంది మనవరాలా, పరిగెత్తలేదు. ఏం చేశాడో చెప్తాను. పళ్ళ గుత్తి తుంచాడు. ఒక్కో పండూ నలిపి గింజ తీసి, దుంప వచ్చిన గుంటలో వేలెడు లోతున గుచ్చాడు, మట్టి కప్పాడు, ఆకులు కప్పాడు. తాత నేర్పిన పద్ధతి, తీసినచోట తిరిగి పెట్టకుండా కదలకూడదు. పదకొండు గింజలు. అవి మాత్రం లెక్కపెట్టాడు. దుంపని నాచులో చుట్టి సంచిలో పెట్టాడు. బూటు తాడు ఊడితే కూర్చుని, రెండు ముళ్ళు వేసి కట్టాడు. టోపీ కోసం చుట్టూ వెతికాడు, చెట్టు వెనక చూశాడు, వాలు కింద చూశాడు, టోపీ నెత్తిన ఉంది. అప్పుడు లేచాడు. గట్టు దిగి వాగు చేరడానికి గంటసేపు పడుతుంది, లారెల్ పొదల్లోంచి దారి, ఒక మనిషి పట్టేంత, కొమ్మలు మొహానికి కొడుతున్నాయి, కొట్టనీ. పాదం ఎక్కడ పడుతోందో చూసుకోవడం లేదు, పాదాలకే తెలుసు. ఆకుల మీద వెలుగు మచ్చలు మచ్చలుగా కదులుతోంది, ఎంత బాగుంది, అనుకున్నాడు, అనుకున్నందుకు ఒళ్ళు జలదరించింది. లోకం ఇంత మామూలుగా ఎలా ఉంది?

లోంజో అయి ఉండొచ్చు కదా. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది. ఇరవై ఏడు కూడా అయి ఉండొచ్చు కదా, నువ్వు లెక్కపెట్టలేదు కదా. మనసు ఆగి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కాదు, లోంజోకి ఏమవుతుంది? వాడు పనిచేసే గనిలో ఈ వారం పని లేదు. ఈ పూట వాడు చేసేదల్లా కొట్టం అటక మీదనుంచి చెక్కలు దించడం. వాల్‌నట్ చెక్కలు, మహాలా తన శవపెట్టె కోసం తానే చెట్టు చూపించి కొట్టించుకుంది, పదకొండేళ్ళుగా అటక మీద ఆరుతున్నాయి, ఏటా లోంజోని పైకెక్కించి తిప్పించేది, "వంకర పోయిన చెక్కలో పడుకోబెట్టావంటే లేచొస్తాను రా," అని బెదిరించేది. చెక్కలు దించేవాడికి ఏమవుతుంది? ఏమీ కాదు. మరి గనిలో నీళ్ళు ఊరితే తోడడానికి పిలిచారేమో, అలా పిలుస్తారు ఒక్కోసారి. పిలిచారు. వెళ్ళాడు. పైకప్పు కూలింది. అది ఒక మలుపు. ఇంకో మలుపు దగ్గర గ్యాసు అంటుకుంది. ఎండిన కాలువ దాటుతుంటే కంచరగాడిద వాణ్ణి తన్నింది, గుండెల మీద, పోయాడు. దిగుతున్నకొద్దీ ఒక్కో మలుపులో ఒక్కోలా చంపాడు ఎస్టిల్ వాణ్ణి, చంపినప్పుడల్లా వెర్లీ పొయ్యి దగ్గర లేచి నిలబడి రొట్టె తిప్పింది. మళ్ళీ కళ్ళముందు ఆమె పడిపోయేది. మళ్ళీ వాణ్ణి చంపాల్సి వచ్చేది. వాడికి మూడు నెలల పిల్ల, ఆర్లీనా, పరవాలేదు, వాడి పెళ్ళాం ఒక్కతే పెంచలేకపోతే మనం పెంచుదాం, వెర్లీ పెంచుతుంది, మనకి పుట్టేదానితో పాటు పెరుగుతుంది, అంతదాకా వెళ్ళిపోయింది బుద్ధి, ఉయ్యాల ఎక్కడ కట్టాలో కూడా చూసుకుంది. అప్పుడు గొంతు వినపడింది. "లోంజో అవ్వనీ. లోంజోనే అవ్వనీ." ఎవరిదా గొంతు అని చుట్టూ చూశాడు. ఉడత ఒకటి కొమ్మ మీద రెండు చేతులూ ఛాతీ దగ్గర పెట్టుకుని అతన్నే చూస్తోంది.

లోంజో. "ఏం బావా, మా అక్క నిన్ను కొట్టిందా, మొహం అలా పెట్టావు?" అని గుమ్మంలోంచే మొదలెట్టేవాడు. "కొట్టలేదురా," అంటే, "కొట్టాల్సిందే, చిన్నప్పుడు నన్ను కొట్టీ కొట్టీ చెయ్యి తిరిగింది, ఇప్పుడు వాడకపోతే పాడైపోతుంది," అనేవాడు. రెండోవాడికి గుంట తవ్విన రోజు వాడే వచ్చాడు. పొద్దున తవ్వి పొద్దు వాలేలోపు పూడ్చాలి, తెరిచిన గుంట రాత్రికి ఉంచకూడదు, ఇంట్లో ఇంకొకళ్ళని అడుగుతుంది. ఇద్దరూ తవ్వారు, ఒక్క మాటా మాట్లాడుకోలేదు, వాడలా నోరు మూసుకుని ఉండగా ఎస్టిల్ చూడటం అదే మొదలు. మోకాలి లోతే, బుడ్డ గుంట. అయిపోయాక లోంజో అందులోకి దిగి, గొంతుక్కూర్చుని, అరచేతుల్తో అడుగు నేలంతా నిమిరాడు. చిన్న చిన్న రాళ్ళు ఏరి బయటికి వేస్తున్నాడు. ఏంట్రా అన్నాడు ఎస్టిల్. "గుచ్చుకుంటాయి బావా," అన్నాడు. ఆ చేతులు. ఆ చేతుల మనిషిని పట్టుకుని లోంజోనే అవ్వనీ అన్నాడు. వెనక్కి తీసుకోవాలి, అనలేదు అనుకోవాలి. కానీ వెనక్కి తీసుకుంటే వెర్లీ అవుతుంది. తీసుకోలేదు. నడిచాడు. నోరెండిపోయింది, దారి సగం దిగాక ఊట దగ్గర నీళ్ళకి వంగాడు. దోసిట్లో నీళ్ళు పట్టాడు. అప్పుడు గంట మళ్ళీ మొదలైంది.

ఒకటి. దోసిలి జారిపోయింది. ఈసారి వదల్లేదు, పైకే లెక్కపెట్టాడు, అరుస్తున్నట్టు. రెండు. ఒకే పొద్దున రెండు గంటలా? మూడు. నాలుగు. ఎవరికి? ఐదు. ఒక్కో అంకె దాటుతుంటే ఆ వయసువాళ్ళందరూ బతికి బయటపడుతున్నారు, ఆరు, ఏడు, బర్ల్ మనవరాలు బతికింది, ఎనిమిది, తొమ్మిది, పది. ఆగింది. ఎస్టిల్ పక్కనున్న మొక్కని పట్టుకున్నాడు. పదేళ్ళవాళ్ళా? పదేళ్ళ పిల్లలు ఎవరెవరు? పేర్లు రావడం లేదు, ఒక్క మొహమూ రావడం లేదు. అప్పుడు పదకొండు. పదకొండే అది, ఆగలేదు, పన్నెండు. మరి మధ్యలో ఆ ఖాళీ ఏమిటి? బర్ల్ అలా కొట్టడు. దెబ్బ కూడా బర్ల్‌ది కాదు, బర్ల్ దెబ్బ కొండకి తగిలి తిరిగొస్తుంది, ఇది సగంలో జారిపోతోంది, తాడు గట్టిగా లాగలేని చెయ్యి ఎవరిదో. పదిహేడు. పద్దెనిమిది. పంతొమ్మిది, ఇరవై. ఆగింది. మళ్ళీ అంతే ఖాళీ. ఇరవై ఒకటి. ఇరవై ఆరు. ఇరవై ఏడు, దాటింది. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. దాటుతుందా? ముప్పై. ఆగింది.

పది కొట్టి ఆగుతోంది. పది, ఒక ఊపిరి, మళ్ళీ పది. ఆ ఊపిరి అతనికి తెలుసు. చిక్కుళ్ళ సీసాలు గూట్లో పేర్చేటప్పుడు ఆ ఊపిరి విన్నాడు. బొంతకి గుడ్డ ముక్కలు ఏరేటప్పుడు విన్నాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుందని పదికోసారి ఆగి, పెదాలు తడుపుకుని, మళ్ళీ మొదలెడుతుంది, ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో, "ఏమే, పది దాటితే దేవుడు జరిమానా వేస్తాడా?" అని. జ్వరంలో ఐదు వారాలవాడి ఊపిరులు కూడా అలాగే లెక్కపెట్టింది, పది, ఆగి, పది. వెర్లీ. తాడు పట్టుకున్నది వెర్లీ. ముప్పై ఒకటి. చేతులున్నాయి, లాగుతున్నాయి, నిలబడి ఉంది, పెదాలు తడుపుకుంటోంది, బతికి ఉంది. అప్పుడు వచ్చింది మనవరాలా, ఏడుపు కాదు, నవ్వు. పొట్టలోంచి తన్నుకుని వచ్చింది. ఆకుల్లో వెనక్కి పడ్డాడు, పడి నవ్వాడు. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో కూడా అలా నవ్వలేదు. పక్కలు నొప్పి పుట్టాయి, కళ్ళల్లోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి, ఆకులు నోట్లోకి వచ్చాయి, ఉమ్మి మళ్ళీ నవ్వాడు. కింద గంట మోగుతూనే ఉంది. ఆ నవ్వు మధ్యలో ఒకచోట తెలిసింది. వెర్లీ గంట కొడుతోందంటే, ఇందాకటిది లోంజో. ఇరవై ఏడు. లోంజో పోయాడు. తెలిసింది. తెలిసినా నవ్వు ఆగలేదు. ఇంకా నవ్వాడు. తెలిశాక ఎంతసేపు నవ్వాడో చెప్పలేను, అదీ లెక్కపెట్టలేదు, ముప్పై ఒకటి తర్వాత ఇంకేదీ లెక్కపెట్టలేదు. ఆగేసరికి లోయ నిశ్శబ్దంగా ఉంది.

చర్చి, మహాలా ఇల్లు ఒకే ఆవరణలో ఉన్నట్టు ఉండేవి, మధ్యలో కంచె కూడా లేదు. వెర్లీ చర్చి గుమ్మంలో నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది, ఎదురుగా పొట్ట, తాడు కొస రెండు చేతుల్లో ఇంకా అలాగే ఉంది. అరచేతులు ఎర్రగా కమిలాయి. అతన్ని చూసి లేవలేదు.

"నువ్వెందుకు కొట్టావే? బర్ల్ ఏడీ?"

"వాడి పక్కన కూర్చున్నాడు. లేవనంటున్నాడు. వాడికి కొట్టి వచ్చి కూర్చున్నాడు, ఇంక లేవడు." తాడు కొస వైపు చూస్తూ అంది, "అటక మీదనుంచి చెక్కలు జారాయి. మొత్తం కట్టంతా. వాడు కిందున్నాడు. మెడ మీద."

చెక్కలా, అనుకున్నాడు ఎస్టిల్. వాణ్ణి దారిలో అన్ని రకాలుగా చంపాడు, చెక్కలు మాత్రం తట్టలేదు.

"అమ్మకి చెప్పక తప్పలేదు. ఆ చప్పుడేంటి, ఆ గంట ఎవరికి, అని అడిగింది. లెక్కపెట్టింది అమ్మ కూడా, పడుకునే. ఇరవై ఏడు అంటే నా కడగొట్టువాడు కదే, అంది. ఆ చెక్క వాడికే వాడండి, నాకు పాప్లర్ చాలు, అంది. గోడ వైపు తిరిగింది. అంతే. ఇంకెవరున్నారు కొట్టడానికి? నేనే వచ్చాను." తాడు వదల్లేక వేళ్ళు ఒక్కొక్కటే తెరుచుకుంది. "ఆడది కొట్టకూడదంటారేమో. అననీ. నా లెక్క సంగతి నీకు తెలుసుగా, డెబ్బై ఒకటి సరిగ్గా కొట్టానా? మధ్యలో ఒకసారి అనుమానం వచ్చింది. నువ్వు లెక్కపెట్టే ఉంటావు."

"సరిగ్గానే కొట్టావు," అన్నాడు.

అప్పుడు అతని మొహం చూసింది. మట్టి, ఆకు ముక్కలు, వాటి మీద కళ్ళ నుంచి చెవులదాకా తడి చారలు. "ఏడ్చావా," అంది. "పిచ్చివాడా, ఎవరూ చెప్పకముందే నీకెలా తెలిసింది, కొండ మీదే ఏడ్చేశావా వాడికోసం?" దగ్గరికి రమ్మని, నడుముకి కట్టుకున్న వంటగుడ్డ కొసతో ఆ చారలు తుడిచింది. ఒకవైపు తుడిచి, ఇంకోవైపు తుడిచింది. మోకాళ్ళ మీద కూర్చుని తుడిపించుకున్నాడు.

అదీ సంగతి. ఆ మాట మీ అమ్మమ్మ అక్కడితో వదల్లేదు. పూడ్చిన రోజు చెప్పింది, వాడి పెళ్ళానికి చెప్పింది, రెండు నెలలకి మీ అమ్మ పుడితే మంత్రసానికీ చెప్పింది. ఎస్టిల్ అయితే గంట విని కొండ మీదే తెలుసుకున్నాడు, దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చాడు, బావమరిదంటే అంత ప్రాణం, అని. ఆర్లీనా మా చేతుల్లోనే పెరిగింది, ఉగ్గుపాలతో పాటు ఆ కథ తాగి పెరిగింది. తండ్రి మొహం తెలియని పిల్లకి తండ్రి గురించి ఉన్న కథ అదొక్కటే. మే నెలలో సమాధులు కడిగి పూలు పెట్టే ఆదివారం, ఎక్కడున్నా వచ్చేది, వాడి రాయి దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టుకుని, "మా నాన్న కోసం అందరికంటే ముందు ఏడ్చింది మా మామయ్య," అని నావైపు చూపించేది. నువ్వూ విన్నావు, చిన్నప్పుడు ఆ వరసలో కూర్చుని. యాభై ఏళ్ళుగా నేను టోపీ సర్దుకుని కొండ వైపు చూస్తూ నిలబడ్డాను. మీ అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ చెప్పలేకపోయాను, ఆ కథ నాది కాదు, ఆమెది, తన చేత్తో తుడిచిన మొహం అది. మొన్న చలికాలం ఆమె పోయింది. గంట కొట్టేవాళ్ళే లేరు ఇప్పుడు. నేను మంచం మీద కూర్చుని ఎనభై రెండు నోటితోనే లెక్కపెట్టాను, పదికోసారి ఆగి.

నేను మంచివాణ్ణో కాదో ఆర్లీనా తేల్చుకుంటుంది, అది నా పని కాదు. వాళ్ళ నాన్న మంచివాడు, అది మాత్రం తెలియాలి, గుంటలో రాళ్ళు ఏరినవాడు, ఆ ముక్క ఆమెకి ఎవరూ చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు, అది చెబితే మిగతాది కూడా వచ్చేస్తుందని. ఈ కాగితాలు పోస్టులో పెట్టకు. నువ్వే డేటన్‌లో ఆర్లీనా ఇంటికి వెళ్ళి, ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించు. తనే చదువుకుంటే ఒక చోట దాటేస్తుంది, నాకు తెలుసు, నా మీద ప్రేమ కొద్దీ దాటేస్తుంది. మధ్యలో ఆపమంటే ఆపు, నీళ్ళు ఇవ్వు, మళ్ళీ మొదలుపెట్టు. ఎస్టిల్ నవ్వాడు అని ఉన్నచోట గొంతు తగ్గించకు.